ఇంట్లో కుక్కపిల్ల ఉండగా సాక్సులు అల్లడం: సూదులు, దారం, మడమ గురించి సలహా కావాలి

ఊలుబుట్ట (హైదరాబాద్):

అందరికీ నమస్తే. కెనడాలో ఉన్న అమ్మాయికి చలికాలం సాక్సులు అల్లి పంపాలి. స్వెట్టర్లు, మఫ్లర్లు వచ్చు గానీ గుండ్రంగా, సన్న సూదులతో సాక్సు అల్లడం ఇదే మొదలు. ఇంట్లో రెండు కుక్కలు. అయిదు నెలల లాబ్రడార్ పిల్లకి పళ్లు మారుతున్నాయి, దొరికిందల్లా నములుతోంది. ఆరేళ్ల తెల్ల స్పిట్జ్ బుద్ధిగా పక్కనే పడుకుంటుంది కానీ దాని బొచ్చు అంతటా.

కొన్నవి: 100 గ్రాముల నాలుగు పోగుల సాక్సు దారం ఒక చిట్టం (420 మీటర్లు, 75 శాతం సూపర్‌వాష్ మెరీనో (ఉతికితే కుంచించుకుపోకుండా శుద్ధి చేసిన ఊలు), 25 శాతం నైలాన్, ముదురు నీలం), 2.5 మి.మీ. వెదురు సూదులు అయిదింటి సెట్టు, రెండు కొనలూ వాడివి. పాదం పొడవు 24 సెం.మీ., చుట్టుకొలత 23 సెం.మీ.

ఎన్ని కుట్లు ఎక్కించాలి? ఈ సూదులు సరిపోతాయా? మధ్యలో లేవాల్సి వస్తే ఎక్కడ ఆపాలి? దారం మింగితే నిజంగా అంత ప్రమాదమా, లేక ఊరికే భయపెడతారా? బొచ్చుకి ఏం చేయాలి?

మడమమలుపు (విశాఖ):

అక్కా, దారం మంచిదే కొన్నారు. నైలాన్ లేని ఊలైతే మడమ త్వరగా అరిగిపోతుంది. కానీ సూదులు మార్చండి. అయిదు సూదుల సెట్టంటే పది వాడి కొనలు. పిల్ల పంజా ఒక్కసారి తగిలితే ఒక సూది జారి పదహారు కుట్లు గాల్లో ఉంటాయి. పైగా 2.5 మి.మీ. వెదురు పుల్ల కుక్క పళ్లకి ఇట్టే విరిగి పీచులు పీచులుగా చీలుతుంది, ఆ పీచులు చిగుళ్లలో, గొంతులో గుచ్చుకుంటాయి. 80 నుంచి 100 సెం.మీ. పొడవున్న వైరు సూది (రెండు పొట్టి సూదుల్ని వంగే వైరుతో కలిపినది), స్టీలు కొనలది, ఒకటి తీసుకుని మ్యాజిక్ లూప్ పద్ధతిలో, అంటే కుట్లని రెండు సగాలు చేసి మధ్యలో వైరుని ఉచ్చులా బయటికి లాగి, అల్లండి. లేవాల్సి వచ్చినప్పుడు కుట్లన్నీ వైరు మీదికి లాగేస్తే కొనను ఎవరు లాగినా వెంటనే జారవు. వరుస ఎక్కడ మొదలైందో వైరే చెబుతుంది కాబట్టి గుర్తు రింగులూ అక్కర్లేదు. ఆ చిన్న రింగులు నేలమీద పడితే మొదట కనబడేది కుక్కకే.

ముందు నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలవండి. 10 సెం.మీ.కి 30 కుట్లు వచ్చాయనుకుందాం. సాక్సు పాదం కన్నా పదో వంతు చిన్నగా ఉండాలి, లేకపోతే బూటులో ముడతలు పడుతుంది. 23 సెం.మీ.లో 90 శాతం 20.7, దాన్ని మూడుతో హెచ్చిస్తే 62. రెండు నిట్ (తిన్న కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు) అంచుకి నాలుగుతో భాగించబడాలి కాబట్టి 60 గానీ 64 గానీ. మీగాళ్లు ఎత్తుగా ఉంటే 64. మిగతాదంతా 64కి రాస్తున్నాను.

వదులుగా ఎక్కించండి, ఇక్కడ బిగిస్తే మడమ దాటదు. అంచు 4 సెం.మీ., ఆపైన సాదా నిట్‌తో కాలు మొత్తం 15 సెం.మీ. వచ్చేదాకా. తర్వాత సగం కుట్లు, అంటే 32, మీద మాత్రమే మడమ పట్టీ. తిన్నవైపు ఒకటి అల్లకుండా జరిపి ఒకటి నిట్, తిరగవైపు మొదటిది జరిపి మిగతావి పర్ల్, 32 వరుసలు. పక్క అంచులో 16 గొలుసు కుట్లు కనబడాలి, లెక్క పెట్టుకోండి.

మడమ మలుపు: ఒకటి జరిపి 17 నిట్, ఎడమకి వాలే తగ్గింపు (రెండు కుట్లు కలిపి ఒకటి) ఒకటి, ఒక నిట్, తిప్పాలి. ఒకటి జరిపి 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒక పర్ల్, తిప్పాలి. ఇక ప్రతి వరుసలో ముందు తిప్పినచోట ఏర్పడిన సందుకి ఒక కుట్టు ముందు దాకా అల్లి, సందుకి అటూ ఇటూ ఉన్న రెండింటినీ కలిపి, ఇంకొకటి అల్లి తిప్పడమే. చివరి రెండు వరుసల్లో తగ్గింపు తర్వాత కుట్టు మిగలదు. ఆఖరుకి 18 ఉంటాయి.

పట్టీ పక్కల నుంచి 16 చొప్పున, మూలలో కన్నం పడకుండా ఇంకొకటి చొప్పున ఎత్తుకోండి. 18, 17, 17, పైనున్న 32 కలిసి 84. వరుస విడిచి వరుస రెండు చొప్పున తగ్గిస్తే పది తగ్గింపులకి మళ్లీ 64. మడమ వెనక నుంచి కొలిస్తే 19 సెం.మీ. వచ్చేదాకా సాదాగా వెళ్లి, వేళ్ల దగ్గర వరుస విడిచి వరుస నాలుగేసి 32 దాకా, అక్కడి నుంచి ప్రతి వరుసా నాలుగేసి 16 దాకా తగ్గించి, పైవి ఎనిమిది, కిందివి ఎనిమిది కుట్టు సూదితో అతకండి.

ఎక్కడ ఆపాలంటే, కాలి గొట్టంలోనూ పాదం గొట్టంలోనూ ఎక్కడైనా సరే. మడమ మలుపులో, పక్క కుట్లు ఎత్తుకునేటప్పుడు, వేళ్లు అతికేటప్పుడు లేవకూడదు. మలుపులో కుట్లు పోతే ఏ సందు దగ్గర ఉన్నామో తెలియదు, విప్పడం తప్ప దారి లేదు. ఈ మూడు పనులకీ అరగంట చొప్పున, పిల్ల నిద్రపోయే వేళ పెట్టుకోండి. భయముంటే మడమ మొదలుపెట్టే ముందు 64 కుట్లలోంచీ సన్న నూలు దారం ఒకటి దూర్చి ఉంచండి, పోతే అక్కడికే తిరిగొస్తారు.

పశువైద్యం_తిరుపతి:

ఊరికే భయపెట్టడం కాదమ్మా. ముద్దగా ఉండే వస్తువు కన్నా పొడవాటి దారం కుక్క పొట్టలో ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకో వివరంగా రాస్తాను.

దారం ఒక కొన ఎక్కడో ఇరుక్కుంటుంది. పిల్లుల్లో ఎక్కువగా నాలుక కింద, కుక్కల్లో ఎక్కువగా జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్లే ద్వారం దగ్గర. రెండో కొనను పేగు తన కదలికతో ముందుకు లాగుతూనే ఉంటుంది. ముందుకు పోదు గనుక పేగే దారం మీదికి వెనక్కి పోగవుతుంది, లంగా బొందు మీద కుచ్చులు పడ్డట్టు. బిగిసిన దారం ఆ మడతల లోపలి అంచుని కోస్తుంది. చిల్లులు పడి లోపలిది కడుపులోకి కారితే ప్రాణం మీదికి వస్తుంది. నైలాన్ కలిసిన సాక్సు దారం తెగదు, అరగదు. సాక్సుకి కావలసిన గుణమే ఇక్కడ శత్రువు.

పదేపదే వాంతులు, తిండి మానడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, నీరసం, మలానికి ముక్కడం కనబడవచ్చు. గంటల్లో రావచ్చు, కొన్ని రోజుల తర్వాతా రావచ్చు. మింగడం కళ్లారా చూస్తే లక్షణాల కోసం ఆగకండి. దారం ఇంకా జీర్ణాశయంలో ఉండగా వస్తే చాలాసార్లు ఎండోస్కోపీతో తీయవచ్చు, పేగులోకి దిగాక ఆపరేషనే.

నోట్లోంచి గానీ మలద్వారంలోంచి గానీ వేలాడే దారాన్ని లాగకండి. రెండో కొన ఎక్కడ పట్టుకుందో మీకు కనబడదు, లాగితే పేగు తెగవచ్చు. ఉప్పునీళ్లు తాగించడం, ఆముదం పట్టడం, అరటిపండు పెట్టడం వద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు గనుక మధ్యలో ఏమీ తినిపించకండి. వచ్చేటప్పుడు మిగిలిన దారం, దాని లేబులు, ఎన్ని గంటలకు జరిగిందో రాసిన కాగితం తెండి. ఊలు ఎక్స్‌రేలో కనబడదు. పేగు పోగుపడిన తీరు చూసే గుర్తుపట్టాలి, స్కానింగూ కావాల్సి రావచ్చు.

ఎంత పోయిందో వంటింటి తూకంతో తేల్చుకోవద్దు. మీ దారం 100 గ్రాములు 420 మీటర్లంటే ఒక్క గ్రాము 4.2 మీటర్లు. అర మీటరు మింగినా తూకం కదలదు. నేలమీద ముక్కలన్నీ పరిచి, తెగిన కొనలు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూడండి. ఒక్క కొనకి జత దొరకకపోయినా మింగిందనే లెక్క.

మడమమలుపు గారు చెప్పిన నూలు దారం బాగానే ఉంది కానీ అదీ దారమే. కొనలు 10 సెం.మీ. మించి వదలకండి, పని ముందుకెళ్లగానే తీసేసి చెత్తబుట్టలో కాదు, మూత గట్టిగా పడే డబ్బాలో వేయండి. దారం ఎక్కించిన కుట్టు సూదిని మాత్రం ఒక్క క్షణం కూడా సోఫా మీద వదలొద్దు. సూదీ దారమూ కలిసి మింగితే అన్నిటికన్నా కష్టం.

చాపమీద_కూర్చో (బెంగళూరు):

అయిదు నెలల పిల్లకి నమలడం అవసరం. సుమారు మూడో నెల నుంచి ఏడో నెల దాకా పళ్లు మారే కాలం, తిట్టి ఆపలేరు. నమలడానికి వేరేది ఉండాలి. మీరు సూదులు తీసే ముందే గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి గడ్డకట్టించినది ఇవ్వండి. పెరుగన్నంలో ఉప్పు, తాలింపు, ఉల్లి ఏమీ ఉండకూడదు.

మీ కుర్చీకి ఒకటిన్నర మీటరు దూరంలో చాప వేయండి. మొదట సూదులు లేకుండా నేర్పాలి. చాప మీద పడుకుంటే పది సెకన్లకొక చిన్న ముక్క తిండి, చాప మీదే పెట్టాలి, చేతికి కాదు. రెండు మూడు రోజులకి అరనిమిషం, నిమిషం చేసుకుంటూ పోయి, తర్వాత సూదులు పట్టుకుని వరుసకొక ముక్క. 64 కుట్ల వరుసకి రెండు మూడు నిమిషాలు పడుతుంది, పిల్లకి అది సరిగ్గా సరిపోయే వ్యవధి. పది వరుసలయ్యాక బయటికి తిప్పుకురండి.

దారం ఉండ దొర్లితే వేట బుద్ధి లేస్తుంది. అందుకే బయటి కొన నుంచి లాగే ఉండ నేలమీద ఉండకూడదు. లోపలి కొన నుంచి వచ్చేలా చుట్టి, జిప్పు సంచిలో పెట్టి, జిప్పు వేలెడు తెరిచి దారం తీసుకోండి. సంచి మీ ఒడిలోనో చేతికి తగిలించో ఉండాలి. కొందరు బరువైన ఊరగాయ జాడీలో ఉండ వేసి పక్కన పెట్టుకుంటారు, అది సోఫా బల్ల మీదైతే పర్లేదు. స్టీలు డబ్బా మూతకి మాత్రం కన్నం పెట్టకండి, ఆ రేకు అంచు దారాన్ని గీసేస్తుంది.

పిల్ల దారం పట్టుకుని పారిపోతే వెంటపడొద్దు. తరిమితే ఆట అనుకుంటుంది, లేదా గబుక్కున మింగేస్తుంది. తనకి బాగా ఇష్టమైన తిండి ముక్కు దగ్గర పెట్టి మార్పిడి చేయండి. "వదులు" అన్న మాట ఇలాగే వస్తుంది.

ఇంకో సంగతి, పాత సాక్సులు ఆడుకోవడానికి ఇవ్వకండి. పాతదేదో, మీరు నెల్లాళ్లు కూర్చుని అల్లినదేదో కుక్కకి తెలియదు. రెంటిలోనూ మనిషి వాసనే.

ఊలుబుట్ట:

అందరికీ చాలా థాంక్స్. డాక్టరు గారూ, తూకం లెక్క చూశాక నిజంగా భయం వేసింది. వైరు సూది ఆర్డరు పెట్టాను. రెండు సందేహాలు మిగిలాయి: స్పిట్జ్ బొచ్చు, ఇంకా ఎప్పుడైనా పిల్ల సూది లాగేసినా దారం నమిలినా పనిని ఎలా సరిచేసుకోవాలి?

మడమమలుపు (విశాఖ):

బొచ్చు ముందు. ముదురు నీలం మీద తెల్ల వెంట్రుక ప్రతిదీ కనబడుతుంది, రంగు మార్చడానికి వీలుంటే బూడిద రంగు మంచిది. కూర్చునే ముందు స్పిట్జ్‌ని బాల్కనీలో దువ్వండి. పైబొచ్చు దువ్వెనతో కాదు, అడుగుబొచ్చు తీసే పొడవాటి పళ్ల దువ్వెనతో. ఒళ్లో బిగువు నేతది, పాత పంచె ముక్క లాంటిది పరుచుకోండి. ఫ్లీసు గుడ్డ బొచ్చుని పట్టేస్తుంది. అల్లేటప్పుడు దారంలో పైబొచ్చు వెంట్రుక కనబడితే అక్కడే ప్లకర్‌తో తీసేయాలి. కుట్టులో ఇరుక్కున్నాక అది బయటికి పొడుచుకొచ్చి కాలికి గరుగ్గా తగులుతుంది. పైపైన అంటుకున్నది మాత్రం పని పూర్తయ్యాక తడి రబ్బరు గ్లవ్‌తో ఒకే వైపు నిమిరితే వచ్చేస్తుంది.

సూది జారితే దేన్నీ లాగకుండా పనిని బల్ల మీద పరచండి. 2 మి.మీ. సన్న సూదితో కుట్లు ఎత్తుకోండి, కుడి కాలు సూదికి ముందువైపు ఉండాలి, లేకపోతే కుట్టు మెలిపడుతుంది. నిచ్చెనలా జారిన కుట్టుని సన్న క్రోషే కొక్కెంతో ఒక్కో మెట్టూ ఎక్కించండి. 64 లెక్క సరిపోయాకే అసలు సూది మీదికి. ఊలు గరుగ్గా ఉంటుంది గనుక అంత త్వరగా జారదు, కాటన్ సాక్సైతే ఇంత సమయం ఇవ్వదు.

నమిలిన దారాన్ని చూసి నమ్మకండి. రెండు వేళ్ల మధ్య నడిపిస్తే సన్నబడిన చోటు తెలుస్తుంది, అక్కడ రెండు చేతులా లాగి చూడండి. తెగితే మంచిదే, ఇప్పుడే తెగింది. ఉమ్మి తడిపి రుద్ది అతికించే పద్ధతి సూపర్‌వాష్‌కి పనిచేయదు, ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు. పాత కొన, కొత్త కొన 10 సెం.మీ. పక్కపక్కన పెట్టి ఆరు కుట్లు రెంటితో కలిపి అల్లండి, తర్వాతి వరుసలో ఆ జంట పోగుల్ని ఒక్క కుట్టుగానే లెక్కపెట్టాలి. అతుకు అరికాల్లో, మడమలో రాకూడదు, కాలి గొట్టంలోనో పాదం పక్కనో రానివ్వండి. చొంగ పట్టిన భాగం ఆరితే బిరుసెక్కి కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి, కాబట్టి ముందు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడే అల్లండి. మీ దారానికి 30 డిగ్రీల నీళ్లు, కొద్దిగా మెత్తటి సబ్బు చాలు.