20 మి.మీ. రిస్ట్రిక్టర్ పెట్టాక 600 సీసీ ఇంజన్ దండగేనా?

గుంటూరు_గేర్:
కాలేజీ ఫార్ములా టీమ్‌లో ఇంజన్ పని నాది. కోయంబత్తూరు కారి ట్రాక్‌లో జరిగే ఫార్ములా భారత్ (కాలేజీ టీమ్‌లు సొంతంగా కట్టిన రేసు కార్ల పోటీ) కోసం కారు కడుతున్నాం. 710 సీసీ లోపు ఏ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అయినా పెట్టుకోవచ్చు గానీ, పెట్రోల్ అయితే ఇంజన్‌కి వెళ్లే గాలి మొత్తం రిస్ట్రిక్టర్ అనే 20 మి.మీ. రంధ్రంలోంచే పోవాలి. సీనియర్లు కేటీఎం 390 (373 సీసీ, 43 హార్స్‌పవర్) వాడారు. ఇప్పుడు సగం మంది సెకండ్ హ్యాండ్ 600 సీసీ నాలుగు సిలిండర్లది తెప్పిద్దాం అంటున్నారు, డబ్బున్న కాలేజీలు అదే పెట్టి మనల్ని తొక్కేస్తున్నాయట. అందరికీ ఒకటే రంధ్రం అయినప్పుడు పెద్ద ఇంజన్‌తో ఒరిగేదేంటి?

ప్లీనం_పిచ్చోడు:
ఆ రంధ్రం అందర్నీ సమానం చేయదు తమ్ముడూ, పైన మూత వేస్తుందంతే. ఇరుకులో గాలి ధ్వని వేగం అందుకున్నాక ఇంజన్ ఎంత లాగినా సెకనుకి దాదాపు 75 గ్రాములే, అంతకు మించి రాదు. రోడ్డు మీద 110 పైన ఇచ్చే 600 ఇంజన్‌కి పై ఆర్పీఎం అంతా వేస్టు. మీ 43 గుర్రాలకి సగటున అందులో సగం గాలి కూడా అక్కర్లేదు. కానీ సింగిల్ సిలిండర్ నాలుగు స్ట్రోకుల్లో ఒక్కసారే పీలుస్తుంది, అదీ ఒక్క గుక్కలో, ఆ క్షణానికి రంధ్రం చాలదు. అందుకే రిస్ట్రిక్టర్‌కీ ఇంజన్‌కీ మధ్య ప్లీనం, అంటే గాలి నిలవుండే డబ్బా, కాస్త పెద్దదే ఉండాలి, మరీ పెద్దదైతే థ్రాటిల్ తొక్కినా బండి ఆలోచించుకుని కదులుతుంది. మీ సీనియర్ల ప్లీనం ఎంతో ముందు కొలవండి, ఇంజన్ గొడవ తర్వాత.

బెజవాడ_బ్రేక్స్:
ఒకటి ఒప్పుకోవాలి, 75 మీటర్ల యాక్సిలరేషన్ పరుగులో సరిగ్గా ట్యూన్ చేసిన 600ని 390 పట్టుకోదు. అయితే ఎక్కువ పాయింట్లు ఉండేది 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ రేసులో, అక్కడ తేలిక కారు, తక్కువ పెట్రోలు, అన్నిటికన్నా ముందు చివరిదాకా ఆగకుండా తిరగడం ముఖ్యం. నిజంగా సమానం కావాలంటే బాహాలో (కాలేజీల ఆఫ్‌రోడ్ బండ్ల పోటీ) ఏళ్ల తరబడి చేసినట్టు అందరికీ ఒకే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్ ఇవ్వాలి. అప్పుడు ఇంజన్ మీద బుర్ర పెట్టే పనే ఉండదు, నాకైతే అది బోరు.

ఆటోనగర్_లేత్:
అందరూ గాలి గురించే, ఆయిల్ సంగతి ఎవరూ ఎత్తరేం? బైకు మలుపులో వాలుతుంది కాబట్టి ఆయిల్ సంపులో (ఇంజన్ కింద ఆయిల్ గిన్నె) అడుగునే ఉంటుంది. కారు వాలదు, ఆయిల్ పక్కకి ఎక్కేస్తుంది, పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు ఖతం. 600కి సంపు విప్పి బాఫిల్స్ (ఆయిల్ పక్కకి పోకుండా అడ్డు రేకులు) వేయిస్తే కొంత నయం, అయినా ఆయిల్ ప్రెషర్ గేజ్ లేకుండా ట్రాక్ ఎక్కకండి. ఇంకోటి, 390 పార్టులు విజయవాడలోనే దొరుకుతాయి, ఆ 600కి ఒక గ్యాస్కెట్ కావాలన్నా వారాలు పడుతుంది.

గుంటూరు_గేర్:
థాంక్స్ అన్నా, 390 మీదే ఉంటాం, టీమ్‌కి ఈ థ్రెడ్ చూపిస్తా. రిస్ట్రిక్టర్ మీ దగ్గర లేత్ మీద తిప్పించుకోవచ్చా?

ఆటోనగర్_లేత్:
డ్రాయింగ్ పట్టుకురా. ఇంజన్ వైపు కోను పొడుగ్గా, నెమ్మదిగా విప్పుకోవాలి, లోపల గీత కూడా కనపడకూడదు. రంధ్రం 19.9 మి.మీ. దగ్గర ఆపేస్తా, స్క్రూటినీలో (పోటీకి ముందు తనిఖీ) రంధ్రం కొలిచే గేజ్ దూరిందంటే కారు బయటే.