ఎండలో ఆగిపోతున్న పెట్రోలు జీపు: గాజు గిన్నెలో బుడగలు ఎందుకు?

1974 నాటి పెట్రోలు జీపును బాగుచేయించి, అనంతపురం నుంచి ధర్మవరానికి రోజూ దానిలోనే వెళ్లివస్తున్నాను. ఉదయం ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో, బయలుదేరిన 35 నిమిషాలకు, ఎత్తు ఎక్కుతుండగా దగ్గి ఆగిపోతోంది. 20 నిమిషాలు చల్లారనిస్తే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఇంజను వేడి 85 డిగ్రీలు దాటడం లేదు. కానీ ఆగిన ప్రతిసారీ, ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు గాజు గిన్నెలో బుడగలు!

కార్బురేటర్ శుభ్రం చేయించాను. పంపు డయాఫ్రం (లోపల కదిలే పొర), ఇంజనుకు నిప్పురవ్వ అందించే కాయిల్, కండెన్సర్ మార్చాను. ట్యాంకులోకి గాలి అందడం లేదేమోనని మూత వదులు చేసి నడిపాను. పంపుకు తడిగుడ్డ చుడితే ఒకసారి పనిచేసింది, మరోసారి లేదు. విద్యుత్ పంపు పెట్టమని మెకానిక్ అంటున్నారు. కారణం తెలియకుండా పాత అమరికను మార్చడానికి మనసొప్పడం లేదు.

ఆ బుడగలు వేడికి పెట్రోలు ఆవిరై వస్తున్నవా, గొట్టం ఎక్కడో గాలి పీల్చడం వల్ల వస్తున్నవా తేల్చే పరీక్ష ఏమిటి?