పేపరు ఉద్యమం నడిపితే అది జర్నలిజమేనా?

కావలి కుర్రోడు:
మంచి జర్నలిజం అంటే ఏ పక్షమూ తీసుకోకుండా జరిగింది జరిగినట్టు రాయడమే అని చాలామంది అంటుంటారు, నేను ఒప్పుకోను. మా నెల్లూరు జిల్లా సారా ఉద్యమమే చూడండి. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, చదువు నేర్చుకోడానికి వెళ్లిన ఆడోళ్లు కలిసి సారా దుకాణం మూయించారు, ఆ సంగతి ఊరూరా పాకింది పేపర్ల వల్ల కూడా కదా, ఈనాడు అయితే 1992లో రోజూ ఏ ఊళ్లో ఏం జరిగిందో రాస్తూనే ఉంది. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. పక్షం లేకుండా కూర్చుంటే ఇదంతా అయ్యేదా?

శారద:
అయ్యేదేమో. రోడ్డెక్కింది, కాంట్రాక్టర్ల మనుషులకి ఎదురు నిలబడింది ఆడవాళ్లు, పేపరు కాదు. ఇంకోటి, సారా ఒక్కటే కాకుండా మొత్తం మద్య నిషేధం 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ హామీ అయింది, 95 జనవరిలో అమలు, 97లో ఎత్తేశారు. అప్పుడు ఆ ఊళ్లకి ఎంతమంది విలేకరులు మళ్లీ వెళ్లారు? పత్రిక జెండా పట్టుకుంటే దాన్ని ఎప్పుడు దించాలో కూడా యజమానే చెప్తాడు, నా భయం అది.

పాత విలేకరి:
మీరిద్దరూ యజమాని దగ్గరే ఆగిపోయారు. వార్త పంపేది మండలంలో తిరిగే కంట్రిబ్యూటర్. నేనూ కొన్నేళ్లు ఒక పేపరుకి (పేరు వద్దులెండి) ఆ పని చేశా. జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయినదాన్ని కొలిచి డబ్బులిస్తారు, అది పెట్రోలుకి కూడా చాలదు, పైగా ఆగస్టు 15కి, ఉగాదికి యాడ్స్ టార్గెట్. యాడ్ ఎవరిస్తారు చెప్పండి, సర్పంచి, రేషన్ డీలరు, వైన్ షాపు ఓనరు, ఇసుక కాంట్రాక్టరు. పొద్దున శుభాకాంక్షల యాడ్ తీసుకుని సాయంత్రం ఆయన లారీల మీదే వార్త ఎట్టా పంపిస్తాం? రాయొద్దని ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యే ఆగిపోద్ది. పక్షం సంగతి తర్వాత చూడొచ్చు, ముందు విలేకరి ఆ ఊరికి వెళ్లాడా, దుకాణం వాడినీ మూయించినోళ్లనీ ఇద్దర్నీ అడిగాడా, పేర్లు సరిచూశాడా. అట్టా తిరిగే మనిషికి అన్నం పెట్టకుండా నిజాయితీగా రాయమంటే ఎట్టా?

కావలి కుర్రోడు:
నిజమే అన్నా, కానీ జీతాలు ఎక్కడినుంచి వస్తాయి? మనం పేపరుకిచ్చే డబ్బు కాగితం ఖర్చుకే సరిపోదంటారు కదా.

శారద:
జీతం ఇచ్చినంత మాత్రాన ధైర్యంగా రాస్తారని గ్యారంటీ లేదండీ, జీతాలున్న డెస్కుల్లోనే వార్తలు ఆగిపోవడం మనకి తెలీదా. కానీ యాడ్స్ వసూలు విలేకరి చేత చేయించడం మాత్రం రేపే ఆపొచ్చు, దానికి వేరే మనిషిని పెట్టుకోమనండి. ఇసుక వార్త ఎందుకు రాలేదని మా ఊళ్లో అందరూ ఆ విలేకరినే తిడతారు, ఆ టార్గెట్ పెట్టిన వాళ్లని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.