సమస్యాపూరణం: గడ్డి మేసి రాజు ఘనత నందె

మిత్రులారా,

ఈ వారం ఆటవెలది చివరి పాదాన్ని సమస్యగా ఇచ్చాను. లోకవ్యవహారంలో గడ్డి తినడమంటే నీతి తప్పి దిగజారడమే కనుక, ఆ పని చేసి రాజు ఘనత పొందాడనడం అసంగతంగా వినిపిస్తుంది. ఆ అసంగతాన్ని బైబిలు కథతో పరిహరించాలన్నదే నియమం. లంచగొండులపై వచ్చిన పూరణలను అందుకే పక్కన పెట్టాను.

కథ దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలోనిది. ఆకాశాన్నంటిన చెట్టును నరికివేసినట్టు, మొద్దును మాత్రం వేళ్ళతో సహా నేలలో విడిచిపెట్టినట్టు బబులోను రాజు నెబుకద్నెజరు కల గన్నాడు. ఆ చెట్టు రాజేనని దాని భావం చెప్పిన దానియేలు ప్రవక్త, బీదలపట్ల కరుణ చూపమని కూడా వేడుకొన్నాడు. పన్నెండు నెలలు గడిచాక రాజు తన మేడమీద తిరుగుతూ, ఈ మహానగరాన్ని నా బలంతో నేనే కట్టించానని పలికాడు. ఆ మాట నోట ఉండగానే ఆకాశవాణి వినబడింది. అతడు ఏడు కాలాలు పశువులా గడ్డి మేశాడు, ఆకాశపు మంచుకు తడిశాడు. వెంట్రుకలు పక్షిరాజు రెక్కల ఈకలవలె, గోళ్ళు పక్షుల గోళ్ళవలె పెరిగాయి.

మొదటి పూరణ:

ఇటుకలందుఁ బేరు ముద్రించుకొనువాఁడు
మట్టి నేల మీఁద మంచుఁ దడిసి,
తనకుఁ బైని నొకఁడు ధర నేలునని నేర్చి
గడ్డి మేసి రాజు ఘనత నందె.

భావం నన్ను కదిలించింది. క్రీ.పూ. 605 నుండి 562 వరకు ఏలిన ఈ రాజు తన పేరును, తండ్రి నబోపొలస్సరు పేరును అచ్చొత్తించిన ఇటుకలు బబులోను శిథిలాలలో విస్తారంగా దొరికాయి. అక్కడ జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ కోల్డెవే 1899లో మొదలుపెట్టిన తవ్వకాలు 1917 వరకు సాగాయి. అంటే ‘నేనే కట్టించాను’ అన్న మాట అబద్ధం కాదు. నిజమైన మాటలోనే గర్వం దాగి ఉండడం ఈ కథలోని లోతు. ఏ మట్టితో చేసిన ఇటుకమీద పేరు వేసుకొన్నాడో, ఆ మట్టిమీదే పడుకోవలసి వచ్చిందని కవి రెండు పాదాలలో చూపారు. అయితే మొదటి పాదంలో ‘ఇ’కారానికి ‘ము’తో యతి (అక్షరాల మైత్రి) కుదరదు. ‘ఇటుకలందుఁ బేరు నెక్కించుకొనువాఁడు’ అంటే ‘ఇ’కి ‘ఎ’ చెల్లుతుంది, అర్థమూ చెడదు. సవరించ ప్రార్థన.

రెండవ పూరణ, గొఱ్ఱెల కాపరిగా ఉండి గొల్యాతు అనే మహాయోధుని కూల్చి, తరువాత ఇశ్రాయేలు రాజైన దావీదును తీసుకొన్నది:

గొఱ్ఱెఁ గాచువాఁడె గొల్యాతుఁ గూల్చెను;
కవచమైన లేదు, కత్తి లేదు;
మంద కడుపు నిండె మైదానమందలి
గడ్డి మేసి, రాజు ఘనత నందె.

గడ్డి మేసినది మంద, ఘనత నందినది రాజు అని వాక్యాన్ని విరిచిన ఉపాయం అవధానులకు ఇష్టమైనదే. కాని ‘మేసి’ అన్న క్త్వార్థకానికి (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకు) కర్త మంద కాగా ‘నిండె’కు కర్త కడుపు అయింది, సమానకర్తృకత్వం (రెండు క్రియలకూ ఒకే కర్త ఉండడం) లోపించింది. ‘మంద సేదదీఱె’ అని మార్చితే సరిపోతుంది. గొల్యాతును కూల్చిన నాటికి దావీదు అభిషిక్తుడే గాని సింహాసనమెక్కిన రాజు కాడన్న ఒక సభ్యుని అభ్యంతరమూ న్యాయమైనదే.

మూడవది ఒక సోదరి పంపినది:

చెట్టు గూలెఁ గాని చెక్కుచెదర దొక్క
వేరు, వేరునందు విభుని కరుణ
యేడు కాలములను నెండక నిలువఁగ
గడ్డి మేసి రాజు ఘనత నందె.

వచ్చినవాటిలో ఇదే నాకు మిన్నగా తోచింది. శిక్ష విధించిన నోటితోనే మొద్దును విడిచిపెట్టమన్న ఆజ్ఞ కూడా వచ్చింది. దానికి ఇనుము, ఇత్తడి కలిసిన కట్టు వేయించారు. రాజు పశువుల మధ్య తిరుగుతున్నంత కాలమూ అతని రాజ్యం అతనికోసం భద్రంగా ఉందన్న సంగతి అతనికే తెలియదు. దైవసంకల్పాన్ని వేరులో చూపడం కవయిత్రి దర్శనం. ఆ మొద్దును విడిచినదీ పొలంలోని పచ్చికలోనేనని మరొక సభ్యుడు గుర్తుచేశారు. సమస్యలోని గడ్డికి అంతకన్న బలమైన సమర్థన నాకు కనబడలేదు.

గడ్డి మేయడమే ఘనతకు కారణమా, లేక దాని తరువాత మరేదైనా జరిగిందా అని చర్చలో ఒకరు అడిగారు. ‘మేసి’ అన్న పదం ముందు జరిగిన పనిని మాత్రమే చెబుతుంది. గ్రంథంలో రాజు మొదట కన్నులు ఆకాశంవైపు ఎత్తాడు, పిమ్మట తెలివి మరలింది, ఆ పిమ్మటే రాజ్యం. పైగా ఆ అధ్యాయం చాలా మేరకు, తన అవమానాన్ని సకల జనులకూ తానే చాటుకొన్న రాజు ప్రకటనగా, అరామిక్ భాషలో ఉంది. మేడమీదినుండి నగరాన్ని కిందికి చూచినవాడు, పశువై నేలను చూచినవాడు, పైకి చూచినది అప్పుడే. ఆ క్రమాన్ని పట్టుకోవాలని నేను ప్రయత్నించాను:

మిద్దె మీఁద నిలిచి ‘మేటి నే’ నన్నట్టి
మాట నోట నుండ మతియుఁ దప్పె;
మొగము పైకి నెత్తి మ్రొక్కఁగా మతి వచ్చె;
గడ్డి మేసి రాజు ఘనత నందె.

దీనిపై మూడవ పూరణ రాసిన సోదరి ఇలా రాశారు: “అయ్యా, ‘మతియు’లోని ‘యు’ సముచ్చయం. మతితోపాటు మరేది తప్పిందో పద్యంలో లేదు గనుక అది పాదపూరణకే మిగిలింది. ఆకాశవాణి మొదట చెప్పినది రాజ్యం తొలగిపోయిందనే కదా?”

ఆమె మాట నిజం. రాజ్యం పోయిన సంగతిని నేను వదిలేశాను. రెండవ పాదాన్ని, మకుటం ఊడిందన్న అర్థంలో, ఇలా మార్చుకొన్నాను:

మాట నోట నుండ మకుట మూడె;