నాయన సన్నాయి ఆల్బమ్ గ్రామీకి 'సెలెక్ట్' అయిందట, అరవై వేలు కట్టమంటున్నారు. కట్టాలా?

సింగరాయకొండ సన్నాయి:

అందరికీ నమస్కారం. మాది సింగరాయకొండ పక్కన పల్లె. మా నాయన నలభై ఏళ్లుగా సన్నాయి వాయిస్తున్నాడు. పెళ్లిళ్లు, తిరునాళ్లు, గుళ్లో కల్యాణాలు, ఎవరు పిలిచినా మేళంతో పోతాడు. పోయిన ఏడాది ఒంగోలులో ఒక చిన్న స్టూడియోలో ఆరు కీర్తనలు రికార్డ్ చేయించి, నేనే ఆన్‌లైన్‌లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ లాంటి వాటిల్లో పెట్టించాను. వింటున్నది మా బంధువులు, నాయన శిష్యులు, అంతే.

పది రోజుల కింద ఒకాయన ఫోన్ చేసి మీ ఆల్బమ్ అమెరికాలో ఇచ్చే గ్రామీ సంగీత అవార్డుకి సెలెక్ట్ అయింది, అరవై వేలు కడితే నామినేషన్ ఖాయమవుతుంది, సర్టిఫికెట్ వస్తుంది, శుక్రవారం లోపల కట్టాలి అన్నాడు. వాట్సాప్‌లో బంగారు గ్రామఫోన్ బొమ్మతో లెటర్ కూడా పంపాడు. దాంట్లో నాయన పేరు తప్పు రాశారు, ఇంటిపేరు వేరే ఎవరిదో పడింది. అయినా నాయన ఆ లెటర్ ప్రింట్ తీయించి శృతిపెట్టె మీద పెట్టుకున్నాడు. టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేశాడు, కుర్రాళ్లు ఫ్లెక్సీకి ఫొటో అడుగుతున్నారు. అమ్మ తాకట్టుకని గాజులు తీసి పక్కన పెట్టింది. నాకేమో లోపల అనుమానంగా ఉంది, కానీ నిజంగా వచ్చేది నా వల్ల పోతే ఆయన ముఖం ఎట్లా చూడాలో తెలియట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

కావలి మిక్సింగ్:

తమ్ముడూ, ముందు అమ్మ గాజులు బీరువాలో పెట్టించు, తర్వాత మిగతాది చదువు. మాది కావలి, చెన్నైలో పదకొండేళ్లుగా రికార్డింగ్ పనిలో ఉన్నా.

అమెరికాలో రికార్డింగ్ అకాడమీ అని ఉంది, 1959 నుంచి గ్రామీలు ఇస్తున్నది వాళ్లే. ఆ ఏడాదికి వాళ్లు పెట్టిన తేదీల మధ్య విడుదలైన రికార్డును అకాడమీ సభ్యులు గానీ, అక్కడ నమోదైన మ్యూజిక్ కంపెనీలు గానీ ఎంట్రీగా పంపొచ్చు. అమెరికాలో జనానికి దొరుకుతుండాలి, స్ట్రీమింగ్‌లో ఉన్నా చెల్లుతుంది. అంటే మీ నాయన ఆల్బమ్‌ను ఎవరో ఒక సభ్యుడు పంపడం సాధ్యమే. ఆ ఫోన్ చేసినవాడు చెప్పేదాంట్లో ఈ ఒక్క ముక్కే నిజం, దాన్ని పట్టుకునే మిగతాదంతా అల్లుతున్నాడు. ఎంట్రీకి కొంత ఫీజు ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ పెరుగుతుంది. అది ఎంట్రీకి మాత్రమే. ఏటా ఇరవై వేల దాకా ఎంట్రీలు వస్తాయి. ఏది ఏ విభాగంలోకి వస్తుందో నిపుణులు కూర్చుని సర్దుతారు, ఆ దశలో బాగుందా లేదా అని చూడరు. తర్వాత ఓటున్న సభ్యులు మొదటి విడత ఓటేస్తే ఒక్కో విభాగంలో ఐదు నుంచి ఎనిమిది మిగులుతాయి. వాటినే నామినేషన్లు అంటారు. మళ్లీ ఓటేస్తే విజేత తేలుతుంది. ఓట్ల లెక్క డెలాయిట్ అనే ఆడిటింగ్ కంపెనీ చేతిలో ఉంటుంది. డబ్బు తీసుకుని దీంట్లో ఎవరూ ఎవరినీ దూర్చలేరు.

2024 గ్రామీలకు నామినేషన్లు 2023 నవంబరు 10న బయటపెట్టారు, ఫంక్షన్ ఫిబ్రవరి 4న జరిగింది. పేర్లన్నీ అకాడమీ సైట్‌లోనే అందరికీ కనపడతాయి. ఆ రాత్రి జాకిర్ హుస్సేన్ గారికి మూడు వచ్చాయి, బాన్సురీ, అంటే వేణువు, వాయించే రాకేష్ చౌరాసియా గారికి రెండు. ఊదే వాద్యానికి అక్కడ విలువ ఉందని నాయనకు చెప్పు, ఆయన ఆశపడటంలో తప్పేం లేదు. తప్పంతా ఆ ఫోన్ చేసినవాడిది.

కందుకూరు వయొలిన్:

నేను కట్టాను తమ్ముడూ. మూడేళ్ల కింద, నలభై ఐదు వేలు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. డబ్బు కట్టిన రెండు నెలలకు ఒక స్క్రీన్‌షాట్ పంపారు, వందల పేర్ల జాబితాలో నా పేరుకి పసుపు రంగు పూసి. అది ఎంట్రీల జాబితా. నాకు తేడా తెలియక స్కూల్లో పిల్లలకు స్వీట్లు పంచాను, నేను సంగీతం టీచర్ని. హెడ్మాస్టర్ గారు అసెంబ్లీలో నన్ను ముందుకు పిలిచి 'గ్రామీ నామినీ' అని చప్పట్లు కొట్టించారు. నవంబరులో అసలు జాబితా వచ్చాక నా పేరు ఎక్కడా లేదు. ఒక ఎనిమిదో తరగతి పాప వచ్చి "టీచర్, మీ పేరు ఏ పేజీలో ఉంది?" అని అడిగింది. డబ్బు పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. ఫ్లెక్సీ మాత్రం వేయనివ్వకు, ఎట్లాగైనా ఆపు. ఆ నంబరు, లెటర్ డిలీట్ చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వు.

నెల్లూరు మూలాపేట:

ఇదంతా ఎందుకు, మన ఢిల్లీ నేషనల్ అవార్డుకి పంపొచ్చుగా? మా నెల్లూరు బాలు గారికి ఆరు వచ్చాయి, తెలుగు, హిందీ, కన్నడం, తమిళం నాలుగు భాషల్లో. మనవాళ్లకి మన దగ్గర గుర్తింపు ఉంటే చాలదా?

కావలి మిక్సింగ్:

అన్నా, బాలు గారివి సినిమా పాటలకు వచ్చిన జాతీయ సినిమా అవార్డులు. సెన్సార్ అయిన సినిమాను నిర్మాతలు పంపితేనే ఆ పరిశీలన జరుగుతుంది. ప్రైవేట్ ఆల్బమ్‌కి ఆ దారి లేదు.

డోలు పెద్దాయన, ఒంగోలు:

ఇప్పుడే చూశాను అబ్బాయ్. యాభై ఏళ్లు డోలు వాయించినవాణ్ణి, నా మాట కూడా విను. సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు పుట్టింది ఒంగోలు పక్కన కారవదిలోనే. ఇక్కడి నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడి, సన్నాయికి పుట్టినిల్లనుకునే ఆ తమిళ దేశంలోనే మెప్పు పొందాడు. 1977లో పద్మశ్రీ వచ్చింది, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన సన్నాయి పీక, అదే ఊదే ముక్క, నోట్లో పెట్టి తోడి రాగం ఎత్తుకున్నాడంటే పందిట్లో విస్తళ్లు వేసేవాళ్లు కూడా చేతిలో పని వదిలేసి నిలబడేవాళ్లు, నా చిన్నప్పుడు నేను చూశా.

మీ నాయనకు రేడియో గ్రేడ్ ఉందా? లేకపోతే ముందు ఆకాశవాణి ఆడిషన్ సంగతి విజయవాడ కేంద్రంలో కనుక్కో. బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడ్లుంటాయి, ఒకసారి వస్తే కచేరీకి పిలిచేవాళ్లు దాన్నే అడుగుతారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం పెద్దది, లక్ష రూపాయలు, తామ్రపత్రం ఇస్తారు. నలభై ఏళ్ల లోపు వాళ్లకు బిస్మిల్లా ఖాన్ గారి పేరు మీద యువ పురస్కారం ఉంది, నాయన శిష్యుల్లో ఎవరికైనా పనికొస్తుంది. బిస్మిల్లా ఖాన్ ఊదింది కూడా మన సన్నాయి లాంటి వాద్యమే కదా. ఇంకొకటి, ఆన్‌లైన్‌లో పెట్టిన పాటల కింద డోలు వాయించినవాడి పేరు, తాళం వేసినవాడి పేరు ఉన్నాయా లేవా చూడు. సన్నాయి పక్కన మేమూ కూర్చున్నాం.

సింగరాయకొండ సన్నాయి:

అందరికీ దండాలు. నిన్న సాయంత్రం నాయనకు చెప్పాను. పీక అంచు బ్లేడుతో గీస్తూ కూర్చుని ఉన్నాడు, నేను చెప్పేదంతా తల ఎత్తకుండా విన్నాడు. నేను కావలి అన్న రాసింది చదివాను, కందుకూరు అక్క రాసింది కూడా చదివాను. ఎనిమిదో తరగతి పాప అడిగిన మాట దగ్గర గీయడం ఆపేశాడు. కాసేపటికి ఆ లెటర్ తీసి, "నా పేరే సరిగ్గా రాయనోళ్లు నా పాటేం విని ఉంటార్రా" అన్నాడు. అమ్మ గాజులు వేసుకుంది. ఫ్లెక్సీ పిల్లలకు నేనే చెప్పాను, 1930కి కూడా ఫోన్ చేశాను.

పెద్దాయనా, మీరన్నది నిజమే, పాటల కింద డోలు, తాళం పేర్లు లేవు. నాయన ఒక్కడి పేరే పెట్టాను. రాత్రి కూర్చుని ఆరు పాటలకూ ఇద్దరి పేర్లూ చేర్చమని రిక్వెస్ట్ పెట్టాను. ఆడిషన్ సంగతి చెబితే నాయన ముందు వద్దన్నాడు, ఈ వయసులో పరీక్షేంది అన్నాడు. పొద్దున లేచేసరికి పెరట్లో తోడి వినపడుతోంది.