జిల్లా గ్రంథాలయ సంస్థ పాలకవర్గం: ప్రభుత్వం వేయాలా, పాఠకులు ఎన్నుకోవాలా?

కొండవీటి పాఠకుడు

మొన్న పంచాయతీలో ఇంటి పన్ను కట్టి రసీదు తెచ్చుకున్నాను. ఇంటి పన్ను, నీటి పన్ను, లైట్ల పన్ను, వాటి కింద ఎవరూ చూడని ఒక గీత: లైబ్రరీ సెస్సు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 2,000 పన్ను కట్టేవాడు పుస్తకాల కోసం 160 రూపాయలు విడిగా కడుతున్నాడన్నమాట. మా ఆవిడకి చూపిస్తే, "ఆ లైబ్రరీలో నువ్వు చదివేది పేపరొక్కటే కదా, దానికి ఈ 160 దేనికి" అంది.

ఆ డబ్బు చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకి. సంస్థను నడిపేది పాలకవర్గం. అధ్యక్షుణ్ణీ కొందరు సభ్యుల్నీ ప్రభుత్వం నామినేట్ చేస్తుంది, మిగతావాళ్ళు హోదా వల్ల వచ్చే అధికారులు. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే పాలకవర్గం కూడా ఇంటికి పోతుంది. కొత్తది వచ్చేదాకా పర్సన్ ఇన్‌చార్జ్ పేరుతో ఒక ఆఫీసరు ఉంటాడు. ఆయనకి నెత్తిన పదిహేను పనులుంటే ఇది పదహారోది. ఆ తర్వాత టికెట్ దక్కని నాయకుడెవరికో పదవి వస్తుంది. పేపర్లో శాలువాతో ఫొటో పడుతుంది, తనను గుర్తించిన పెద్దలకి కృతజ్ఞతలు చెప్తాడు. ఆ వార్త మొత్తం వెతికినా పుస్తకం అన్న మాట కనపడదు.

నా ప్రశ్న ఇదీ. 1960 గ్రంథాలయాల చట్టాన్ని సవరించి, కనీసం సగం మందినైనా పాఠకులు ఎన్నుకునేలా చేయకూడదా? 1914లో బెజవాడలో పుట్టిన గ్రంథాలయ సంఘం లాంటివి ఈ డిమాండ్ ఎత్తుకోవద్దా?

రిటైర్డ్ గ్రేడ్-2

ముప్పై ఏళ్ళు ఈ సంస్థల్లో పనిచేశాను కాబట్టి నాలుగు మాటలు. జిల్లా పేరు అడక్కండి.

పాలకవర్గం ముందుకి వచ్చేవి ఏమిటనుకుంటున్నారు? బడ్జెట్టు. శాఖా గ్రంథాలయాల అద్దెలు. ఫలానా ఊళ్ళో పెంకులు పగిలాయి, నేయించాలి. ఫలానా ఊళ్ళో సర్పంచి గారు స్థలం ఇస్తానంటున్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం చేయరట. బైండింగ్ బిల్లు. గ్రంథాలయ వారోత్సవాల ఖర్చు. వీటికి కావలసింది సాహిత్యాభిమాని కాదండీ, తిరిగే మనిషి.

నేను చూసిన అధ్యక్షుల్లో ఒకాయన ఉండేవారు. పుస్తకం చదవగా నేనెన్నడూ చూడలేదు, పేపరు కూడా హెడ్డింగుల వరకే. కానీ ఒక మునిసిపాలిటీ సెస్సు బకాయి పెట్టిందని చెప్తే, డిమాండు నోటీసు జేబులో పెట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. పదకొండింటికి కూర్చున్న మనిషి నాలుగింటికి లేచారు, చెక్కుతో. మధ్యలో క్యారియర్ అక్కడికే తెప్పించుకున్నారు. ఆ డబ్బుతోనే మేం రెండు శాఖలకి బీరువాలు కొన్నాం. ఎన్నికల్లో గెలిచి వచ్చిన కవిగారు ఈ పని చేస్తారా?

త్రిశూర్ తెలుగోడు

మాస్టారూ, నమస్తే. పదేళ్ళుగా కేరళలో ఉంటున్నాను. మీరు వద్దంటున్న ఎన్నికలు ఇక్కడ జరుగుతున్నాయి, పని కూడా జరుగుతోంది.

ఇక్కడ 1945లో పి.ఎన్.పణిక్కర్ గారు ట్రావన్‌కోర్ ఊళ్ళలోని గ్రంథాలయాలను కలిపి సంఘంగా కట్టారు. 1977లో ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది. మళ్ళీ 1989 చట్టంతో ఎన్నికైన కౌన్సిళ్ళు వచ్చాయి: తాలూకాకి ఒకటి, జిల్లాకి ఒకటి, పైన రాష్ట్ర కౌన్సిలు. ఊరి లైబ్రరీకి సభ్యులు ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. లైబ్రరీని తనిఖీ చేసి గ్రేడు ఇస్తారు, గ్రేడుని బట్టి గ్రాంటు. మా వీధి చివర ఉన్న లైబ్రరీకి కార్యదర్శి ఒక బస్ కండక్టరు. డ్యూటీ దిగి సాయంత్రం ఆరున్నరకి వచ్చి తాళం తీస్తాడు. గ్రేడు తగ్గితే ఊళ్ళో తలెత్తుకోలేమని ఆయన భయం.

రిటైర్డ్ గ్రేడ్-2

బాబూ, పార్టీలు లేవా మరి అక్కడ?

త్రిశూర్ తెలుగోడు

లేకేం మాస్టారూ. ప్యానెళ్ళు పెట్టుకుని కొట్టుకుంటారు. కాకపోతే ఆ కొట్లాట ఊళ్ళో జరుగుతుంది, రాజధానిలో కాదు.

మూసీ ఒడ్డు

అన్నా, కేరళ ముచ్చట మంచిగనే ఉంది గానీ ఒక్క తేడా యాది పెట్టుకోవాలె. అక్కడి లైబ్రరీలు ఊరోళ్ళవి. మనయి సర్కారువి. ఊరి లైబ్రరీల జీతం తీసుకునే లైబ్రేరియన్ ఉంటడు, బిల్డింగ్ సంస్థది, పుస్తకాలు సంస్థయి. మనకు ఓటరు ఎవరు? మెంబరా, సెస్సు కట్టేటోడా, పేపర్ చూడనీకి వచ్చేటోడా?

మనకు గూడ మొదలు అట్లనే ఉండె. 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం రావిచెట్టు రంగారావు ఇంట్ల షురువైంది. 1904ల హన్మకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం. అప్పుడు తెలుగుల బోర్డు పెట్టుడే పెద్ద ధైర్యం. సర్కారు పైసలియ్యకున్నా, మంది చందాలతోని నడిపిండ్రు, కమిటీలు వాళ్ళే వేసుకున్నరు. హైదరాబాద్ రాష్ట్రంల 1955ల చట్టం వచ్చింది, ఆంధ్ర దిక్కు 1948 మద్రాసు చట్టం ఉండె, రెంటినీ కలిపి 1960 చట్టం. చట్టంతోని పైసలొచ్చినయ్, కమిటీ పోయింది. రెండూ ఒక్క దెబ్బకే.

ఇప్పుడు మా దగ్గర జిల్లాలు 10 నుంచి 33 అయినయ్. పోస్టులు పెరిగినయ్ అని మా దోస్తు ఒకడు సంబురపడ్డడు. లైబ్రేరియన్ పోస్టులు అనుకున్నడు పాపం.

కుర్చీ నంబర్ 14

అందరికీ నమస్తే. నేను గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా. రోజుకి పది గంటలు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనే ఉంటా, పేరు అందుకే పెట్టుకున్నా. ఆ మూల ప్లగ్ పాయింట్ పనిచేస్తుంది. ఏడున్నరకల్లా వెళ్ళకపోతే వేరేవాళ్ళ వాటర్ బాటిల్ పెట్టేసి ఉంటుంది.

నాకు మెంబర్‌షిప్ లేదు. పుస్తకాలు నావే తెచ్చుకుంటా. కుషన్ కూడా నాదే. నాలాంటి వాళ్ళం మా హాల్లో వంద మందికి తక్కువ ఉండం. కార్డు మీద నవల తీసుకెళ్ళేవాళ్ళు రోజుకి ఎంతమందో కౌంటర్ దగ్గర అక్కని అడిగితే నవ్వింది.

ఓటు మెంబర్లకే అంటే మేం లేము. వచ్చేవాళ్ళందరికీ అంటే మేమే గెలుస్తాం. గెలిస్తే ఏం అడుగుతామో ఇప్పుడే చెప్పేస్తా: కథల సెక్షన్ ఖాళీ చేసి ఇంకో నలభై కుర్చీలు, రాత్రి పదింటిదాకా లైట్లు. సరదాకి అనట్లేదు.

కొండవీటి పాఠకుడు

తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివాక నా ప్రతిపాదన మీద నాకే భయమేసింది. అయినా రాత్రి పదింటిదాకా లైట్లు అడగడం తప్పేం కాదు. కథల సెక్షన్ జోలికి మాత్రం రాకు. మా ఊరి శాఖ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం ఇంకో మూడు గంటల సేపు. పిల్లలు బడిలో ఉన్నప్పుడు తెరిచి ఉంటుంది, వాళ్ళు ట్యూషన్ నుంచి వచ్చేసరికి మూసేస్తారు. ఈ వేళలు ఎవరిని అడిగి పెట్టారో? పాలకవర్గంలో బడిపిల్లల తల్లి ఒక్కతి ఉంటే ఇలా ఉండేదా?

మాజీ సభ్యురాలు

ఉన్నానండీ. బడిపిల్లల తల్లిని, నామినేటెడ్ సభ్యురాలిని. జిల్లా, ఏడాది చెప్పను.

మీటింగ్ పదకొండుకన్నారు, అధ్యక్షుల వారు పన్నెండుంపావుకి వచ్చారు. ఎజెండాలో ఇరవైకి పైగా అంశాలు. ఎక్కువ భాగం "ఖర్చు చేయడమైనది, ఆమోదించగలరు". అంటే డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, ఇప్పుడు మేం ఊఁ అనాలి. బోండాలు వచ్చాయి, చల్లారకముందే పద్నాలుగు అంశాలు ఆమోదం అయిపోయాయి. నేను లేచి ఒక శాఖలో ఆడపిల్లలకి టాయిలెట్ లేదు, అందుకే అమ్మాయిలు రావడం మానేశారు అన్నాను. "చూద్దాం అమ్మా" అన్నారు. పక్కన కూర్చున్న అధికారి ఫోన్‌లోంచి తలెత్తలేదు. చివర్లో సంతకానికి మినిట్స్ ఇచ్చారు. అప్పటికే టైపు చేసి ఉన్నాయి, నా పేరు ఎదురుగా చుక్కలతో సహా. టాయిలెట్ మాట అందులో లేదు. ఎలా ఉంటుంది, అది టైపు అయింది ముందురోజు కదా.

నేను సంతకం పెట్టాను. ఆ మాట కూడా చెప్పాలి. నన్ను వేసినవాళ్ళకి ఇబ్బంది అవుతుందేమో అనుకున్నాను. నామినేషన్‌తో వచ్చిన చిక్కు అదేనండీ. ఎవరు చెడ్డవాళ్ళు, ఎవరు మంచివాళ్ళు అన్నది పక్కన పెట్టండి. కుర్చీ ఇచ్చిన చేతిని చూసే మాట్లాడతాం.

రిటైర్డ్ గ్రేడ్-2

అమ్మా, ఆ మినిట్స్ టైపు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, మీ జిల్లాలో కాకపోయినా. సిగ్గుగానే ఉంది. ఒక మాట మాత్రం చెప్తాను. మీలా లేచి అడిగినవాళ్ళు వరసగా రెండు మీటింగుల్లో అడిగితే మూడోదానికి మేమే అంశంగా పెట్టేవాళ్ళం. ఒక్కసారి అడిగి ఊరుకున్నవాళ్ళే ఎక్కువ.

మాజీ సభ్యురాలు

రెండో మీటింగ్ జరగలేదండీ. ప్రభుత్వం మారింది.

మూసీ ఒడ్డు

ఇగ చూడుండ్రి. దీనికి జవాబు చెప్పుండ్రి సార్.

కొండవీటి పాఠకుడు

కాసేపు పాత సంగతి. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామ్మోహన్ గ్రంథాలయంలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది, చిలకమర్తి వారు అధ్యక్షత. దాని వెనక తిరిగిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య. ఇరవై నాలుగేళ్ళు నిండని కుర్రాడు, అంటే మన 14వ నంబర్ తమ్ముడి వయసే ఉంటుంది. అయిదేళ్ళకి, 1919 నవంబరు 14న, మద్రాసులో అఖిల భారత సభ కూడా పెట్టించాడు. ఇప్పుడు వారోత్సవాలు మొదలయ్యేది ఆ తేదీనే. తర్వాత సంఘాన్ని గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు నడిపారు. పాతూరి నాగభూషణం గారు కాలవలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. వీళ్ళెవరినీ ఏ ప్రభుత్వమూ నామినేట్ చేయలేదు. ఊళ్ళవాళ్ళు చందాలు కట్టి, సభల్లో చేతులెత్తి కార్యవర్గాన్ని ఎన్నుకున్నారు.

రిటైర్డ్ గ్రేడ్-2

అయ్యంకి వారి పేరు ఎత్తితే నోరు మూసుకుంటాననుకున్నారా? ఆ పెద్దలందరూ అడిగింది ఏమిటి? చట్టం కావాలి, సెస్సు కావాలి, ప్రభుత్వం బాధ్యత తీసుకోవాలి అని. చందాలతో ఎన్నాళ్ళు నడపగలం అని విసిగిపోయే అడిగారు. సంఘం కార్యవర్గం వేరు, సంస్థ పాలకవర్గం వేరు, రెంటినీ కలపకండి. సంఘం పని పోట్లాడటం, సంస్థ పని నడపటం. సంఘంలో ఎన్నికలు ఉండాల్సిందే. సంస్థలో జీతాలు, ట్రెజరీ, ఆడిట్ ఉంటాయి. ఓట్లతో వచ్చినాయన ఆడిట్ అభ్యంతరానికి ఎవరికి జవాబు చెప్తాడు?

త్రిశూర్ తెలుగోడు

అదే ఆడిట్‌కి జిల్లా పరిషత్తులో ఎన్నికైనవాళ్ళు చెప్పట్లేదా మాస్టారూ? వంద కోట్ల రోడ్లకి ఓటు పనికొచ్చి, బీరువాలకి పనికిరాదా?

రిటైర్డ్ గ్రేడ్-2

ఇది మాత్రం గట్టి దెబ్బే. ఒప్పుకుంటున్నాను. అధ్యక్షుణ్ణి ప్రభుత్వమే వేసుకోనివ్వండి, పై ఆఫీసుల్లో పని కావాలంటే ఆ పలుకుబడి కావాలి. సభ్యుల్లో సగం మంది డిపాజిట్ కట్టి మెంబర్లయిన పాఠకుల నుంచి రావచ్చు. వాళ్ళ కాలపరిమితికీ ప్రభుత్వం మారడానికీ ముడి ఉండకూడదు. ఇంతకంటే దిగను.

కుర్చీ నంబర్ 14

డిపాజిట్ ఎంత ఉంటుంది సార్? వందలోపు అయితే రేపే కట్టేస్తా, మా హాల్ మొత్తం చేత కట్టిస్తా. పనిలో పనిగా కథల సెక్షన్ వదిలేస్తున్నాం. రెండు రోజులుగా బ్రేక్‌లో అక్కడి పుస్తకం ఒకటి చదువుతున్నా, పేరు చెప్పను, కోచింగ్ సార్ ఈ గ్రూపులోనే ఉన్నాడేమోనని భయం.

మూసీ ఒడ్డు

గెలవకముందే మేనిఫెస్టో మార్చిన మొదటి లీడర్‌వి నువ్వే తమ్మీ.

కొండవీటి పాఠకుడు

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వస్తున్నాను. ఎవరు ఎన్నుకోవాలన్నది ఎలా ఉన్నా, అసలు నా 160 ఎటు పోయిందో చూద్దామని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. సమాచార హక్కు దరఖాస్తు కూడా రాసుకెళ్ళాను, గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు. అంత అవసరం పడలేదు. కార్యదర్శి గారు మంచాయన, రిజిస్టరు తిప్పి చూపించారు. సెస్సు వసూలైన కాలమ్ నిండుగా ఉంది. గ్రంథాలయ సంస్థకి జమ అన్న కాలమ్‌లో కిందటి మూడేళ్ళూ ఖాళీ. డబ్బు పంచాయతీ ఖాతాలోనే ఉంది, కొంత మోటారు రిపేరుకి వాడుకున్నాం, సర్దేస్తాం అన్నారు. ఎందుకు పంపలేదండీ అంటే, "వాళ్ళు అడగలేదండీ. ఒక లెటరు పెట్టమనండి, పంపేస్తాను" అన్నారు.

కుర్చీ నంబర్ 14

ఆ లెటర్ మీద ఎవరు సంతకం పెట్టాలి అన్నా?

కొండవీటి పాఠకుడు

అధ్యక్షుడు అనుకుంటా. ఇప్పుడు మాకు అధ్యక్షుడు లేడు.

రిటైర్డ్ గ్రేడ్-2

గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పెట్టినా చెల్లుతుంది. మా జిల్లాలో ఏటా ఏప్రిల్‌లో అన్ని పంచాయతీలకీ పంపేవాళ్ళం, స్టాంపుల ఖర్చుతో సహా రాసుకుని. నమూనా నా దగ్గరుంది, రేపు ఇక్కడే పెడతాను.