ఇంటి ఖర్చుల సర్వే డేటా మాక్రో మోడల్‌లో పెడుతుంటే టోటల్ కలవట్లేదు

పిల్లకాకి:
హాంక్ టైపు మోడల్ (కుటుంబాల మధ్య ఆదాయం, ఆస్తి తేడాల్ని లెక్కలోకి తీసుకునే మాక్రో మోడల్) కడుతున్నా, కాలిబ్రేషన్‌కి (మోడల్ అంకెల్ని నిజం డేటాకి సరిపెట్టడానికి) అమెరికా కన్స్యూమర్ ఎక్స్‌పెండిచర్ సర్వే తీసుకున్నా. వెయిట్లు వేసి (సర్వేలో ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకి లెక్కో చూసి) కూడితే నేషనల్ అకౌంట్స్‌లో (దేశం మొత్తం ఆర్థిక లెక్కల్లో) ఉన్న వినియోగం కంటే బాగా తక్కువొస్తోంది. అన్నిటినీ ఒకే నంబర్‌తో గుణించి పైకి లాగేయమంటున్నారు మా గైడ్, నాకే మనసొప్పట్లేదు. ఎవరైనా చేశారా?

లెక్కలమాస్టారు:
మనసొప్పకపోవడమే కరెక్టు. ముందసలు రెండూ ఒకటే కొలుస్తున్నాయా చూడండి. వైద్యం ఖర్చు సర్వేలో ఇంటివాళ్ళు జేబులోంచి కట్టినంతే ఉంటుంది, నేషనల్ అకౌంట్స్‌లోనేమో పనిచేసే కంపెనీ, ప్రభుత్వం వాళ్ళ తరఫున కట్టిందీ వినియోగం కిందకే వస్తుంది. సొంతిల్లు ఉన్నోళ్ళకి అక్కడ అద్దె ఊహించి కలుపుతారు, సర్వే ఖర్చుల్లో లోను వడ్డీ, ఇంటి పన్ను, రిపేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ సర్దాక మిగిలేదే అసలు గ్యాప్, అది కూడా అన్నిట్లో ఒకేలా ఉండదు, ఇంట్లో వండుకునే తిండి, అద్దె, కరెంటు లాంటివి బాగానే కలుస్తాయి, తాగే మందు, బట్టలు దగ్గర జనం చాలా తక్కువ చెప్తారు. అందుకే కేటగిరీ వారీగా సర్దండి. అయినా డబ్బున్నోళ్ళు ఎక్కువ దాచి తక్కువ చెప్తే అది స్కేలింగ్‌తో పోదు, అసమానత తక్కువగానే కనిపిస్తుంది.

పిల్లకాకి:
థాంక్స్ అండీ. మరి ఎంపీసీకి (చేతికి అదనంగా వచ్చిన డబ్బులో ఎంత భాగం ఖర్చు పెడతారనే లెక్కకి) ఈ డేటాని నమ్మొచ్చా? ఒక్కో కుటుంబం ఖర్చు మూడు నెలలకీ మూడు నెలలకీ ఎగిరెగిరి పడుతోంది.

రాత్రిబండి:
ఆ ఎగురుడులో చాలా భాగం గుర్తులేక చెప్పిన లెక్కే, గత మూడు నెలల్లో ఎంత పెట్టారని అడిగితే ఎవరికి గుర్తుంటుంది చెప్పండి 😄 దాన్ని ఆదాయ రిస్క్ అనుకుని వేరియన్స్‌ని (ఆ హెచ్చుతగ్గుల కొలతని) యథాతథంగా మోడల్‌లో దింపకండి, అంతే. సగటులు తీస్తే నాయిస్ చాలావరకు కొట్టుకుపోతుంది. 2001 పన్ను రిబేటు చెక్కులు సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి రెండంకెల్ని బట్టి వేర్వేరు వారాల్లో పంపారు, అంటే ఎవరికి ముందొచ్చిందన్నది దాదాపు లాటరీనే, కాబట్టి ఈ సర్వేతోనే పోల్చి చూడగలిగారు. చెక్కొచ్చిన మూడు నెలల్లో దాంట్లో 20-40 శాతం నాన్‌డ్యూరబుల్స్ (తిండి లాంటి త్వరగా వాడేసేవి) మీద పెట్టారని తేలింది. 2008 రిబేటుకి కార్లు కూడా కలిపి 50-90 శాతం అన్నారు, అదే నంబర్ మాక్రో మోడల్‌లో పెడితే మాత్రం రిబేటే లేకపోతే వినియోగం నమ్మశక్యం కానంతగా కూలిపోయేదని వస్తుంది, తర్వాత పద్ధతి సరిచేసి చూసినవాళ్ళకి తక్కువే వచ్చింది. నేనైతే కింది అంచనాతో మొదలెడతా.

పిల్లకాకి:
పీఎస్ఐడీకి (అవే అమెరికా కుటుంబాల్ని ఏళ్ళ తరబడి అడిగే ఇంకో సర్వేకి) మారితే?

లెక్కలమాస్టారు:
అదే కుటుంబాల్ని ఏళ్ళ తరబడి చూడాలంటే మారండి. కాకపోతే 1968లో మొదలైనా చాలాకాలం తిండి, ఇల్లు తప్ప ఖర్చులు పెద్దగా అడగలేదు, 1999 నుంచే మిగతావి చేరాయి, అవీ రెండేళ్ళకోసారి. మీది క్వార్టర్లీ మోడల్ అయితే తంటానే.